హెచ్‌పీవీ పాజిటివ్ వచ్చింది, గర్భసంచి తీయించేయమంటున్నారు. ఏం చేయాలి?

సిరిమల్లె (నిజామాబాద్) – సోమవారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఈ చర్చల్లో చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి. నా వయసు 39. ఇద్దరు పిల్లలు. పాప ఏడో తరగతి, బాబు నాలుగో తరగతి.

నాలుగైదు నెలలుగా తెల్లబట్ట ఎక్కువగా అవుతోంది. మా ఆడపడుచు పోరు పెట్టి పరీక్షలు చేయించింది. పాప్ స్మియర్‌తో (గర్భాశయ ముఖద్వారం దగ్గరి కణాలు తీసి చూసే పరీక్ష) పాటు హెచ్‌పీవీ టెస్ట్ కూడా చేశారు, అక్కడ క్యాన్సర్‌కు దారితీసే హ్యూమన్ పాపిలోమా వైరస్ ఉందో లేదో చూసేది. రిపోర్టులో "హై రిస్క్ హెచ్‌పీవీ 16 పాజిటివ్" అని వచ్చింది. అది చూసి ఇక్కడి నర్సింగ్ హోమ్‌లో "క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉంది, పిల్లలు ఎలాగూ అయిపోయారు, గర్భసంచి తీసేస్తే ఏ గొడవా ఉండదు" అన్నారు. శుక్రవారం ఆపరేషన్. పదివేలు అడ్వాన్స్ కూడా కట్టేశాం.

నాకు క్యాన్సర్ వచ్చినట్టేనా? ఇంకో మాట, రాయడానికి సిగ్గుగా ఉంది. ఇది లైంగికంగా అంటుకుంటుందని ఫోన్‌లో చదివినప్పటి నుంచి మా ఆయన నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. నాకూ ఆయన మీద ఏవేవో ఆలోచనలు వస్తున్నాయి. మూడు రాత్రులుగా నిద్ర లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

పద్మక్క_స్టాఫ్‌నర్స్ (హైదరాబాద్) – సోమవారం, రాత్రి 11:05

చెల్లీ, ముందు శుక్రవారం ఆపరేషన్ ఆపించు. మిగతావన్నీ తర్వాత.

నేను క్యాన్సర్ విభాగంలో పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. వైరస్ పాజిటివ్ అంటే క్యాన్సర్ కాదు. నీకు ఇంకా కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని భూతద్దంతో చూడటం) కాలేదు, బయాప్సీ (చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో చూడటం) కాలేదు. అవి లేకుండా కత్తి పట్టుకోవడం తప్పు. ఇది ఊరికే మాటవరసకు అనడం లేదు. ఇలా తొందరపడి తీయించుకుని, తీసిన గర్భసంచిని ల్యాబ్‌కు పంపితే అందులో క్యాన్సర్ బయటపడి, మా దగ్గరికి వచ్చినవాళ్లను చూశాను. క్యాన్సర్ ఉంటే చేసే ఆపరేషన్ వేరు, మామూలు గర్భసంచి ఆపరేషన్ వేరు. చుట్టుపక్కల కణజాలం, లింఫు గ్రంథులు కూడా చూడాలి. అవి చూడకుండా మధ్యలో కోసేస్తే ఆ తర్వాత కరెంటు (రేడియేషన్) పెట్టడం కూడా కష్టమవుతుంది, ఫలితమూ తగ్గుతుంది. క్యాన్సర్ లేకపోతేనేమో, ఇరవై నిమిషాల చిన్న చికిత్సతో పోయేదానికి అవయవాన్నే పోగొట్టుకున్నట్టు. రెండు రకాలుగానూ నష్టమే.

అడ్వాన్స్ పోతే పోయింది.

రాజేశ్వరి_టీచర్ (ఒంగోలు) – సోమవారం, రాత్రి 11:31

పద్మ గారి మాటే నాదీ. మా వీధిలో ముప్పై అయిదు దాటిన ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకోనివాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తెల్లబట్ట అని వెళ్తే తీశారు, నడుంనొప్పి అని వెళ్తే తీశారు. "ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది" అన్న ఒక్క మాటకే అందరూ ఒప్పేసుకున్నారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రలో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మనమే ముందు. మా పిన్నికి 32 ఏళ్లకే అండాశయాలతో సహా తీసేశారు. ఇప్పుడు 51 ఏళ్లకే ఎముకలు గుల్లబారి, బాత్‌రూమ్‌లో జారితే తుంటి విరిగింది.

డా_గైనిక్ (గుంటూరు) – మంగళవారం, ఉదయం 6:15

సిరిమల్లె గారూ, ఓపీకి వెళ్లేముందు రాస్తున్నాను. మీ రిపోర్టులు చూడకుండా చికిత్స చెప్పను. విషయం మాత్రం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ భయంలో సగం అది సరిగ్గా తెలియకపోవడం వల్లే.

హెచ్‌పీవీ ఒక్క వైరస్ కాదు, 200కు పైగా రకాలున్న పెద్ద కుటుంబం. చేతుల మీద ఉలిపిరి కాయలు వచ్చేది కూడా ఈ కుటుంబం వల్లే. వీటిలో ఒక 14 రకాలు మాత్రమే క్యాన్సర్‌కు దారితీయగలవు. ఆ పద్నాలుగింటిలో 16, 18 అన్నవి అసలైన ప్రమాదకారులు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి ఈ రెండే కారణం. కాబట్టి మీ రిపోర్టును తేలిగ్గా తీసుకోమని నేను చెప్పను. 16 వచ్చిందంటే పాప్ స్మియర్ నార్మల్‌గా ఉన్నా సరే కాల్పోస్కోపీ చేయించాల్సిందే. 16, 18 కాకుండా మిగతా రకాలైతే, పాప్ బాగుంటే, ఏడాది ఆగి మళ్లీ పరీక్ష చేస్తాం.

అయితే వైరస్ అంటుకోవడానికీ క్యాన్సర్ రావడానికీ మధ్య ఎంత దూరం ఉందో చూడండి. పెళ్లయిన ఆడవాళ్లలో, మగవాళ్లలో చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ అంటుకుంటుంది. పదింట తొమ్మిదిసార్లు రెండేళ్లలోపు ఒంట్లోని రక్షణ శక్తే దాన్ని తుడిచేస్తుంది, వచ్చిందనీ తెలియదు, పోయిందనీ తెలియదు. మిగిలిన కొద్దిమందిలో అది ముఖద్వారం దగ్గరి కణాల్లో తిష్టవేస్తుంది. అక్కడి నుంచి కణాలు మారడం మొదలై, సీఐఎన్ 1, 2, 3 అనే మెట్లు దాటి, క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. హెచ్ఐవీ ఉన్నవాళ్లలో, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లలో 5 నుంచి 10 ఏళ్లలోనే రావచ్చు, అందుకే వాళ్లు ఇంకా తరచుగా పరీక్ష చేయించుకోవాలి. ప్రతి మెట్టు దగ్గరా దీన్ని పట్టుకోవచ్చు, ఆపవచ్చు. ఇంత గడువు ఇచ్చే క్యాన్సర్ ఇంకొకటి నాకు కనిపించదు. అయినా మన దగ్గర ఆడవాళ్లు దీంతో చనిపోతూనే ఉన్నారు. డాక్టరుగా నాకు నిద్రపట్టనివ్వని విషయం అదే.

కాల్పోస్కోపీ అంటే భయపడకండి. పొట్ట కోయడం లాంటిదేమీ ఉండదు. భూతద్దం లాంటి పరికరంతో బయటి నుంచే ముఖద్వారాన్ని చూస్తారు. పలుచని ఎసిటిక్ యాసిడ్ రాస్తారు. మారిన కణాలుంటే నిమిషంలో అక్కడ తెల్లటి మచ్చ తేలుతుంది. అక్కడి నుంచి మిరియపు గింజంత ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. నెలసరి రోజుల్లో కాకుండా చూసుకుని వెళ్లండి.

మీ రెండో ప్రశ్నకు సాయంత్రం జవాబిస్తాను. అది కూడా ముఖ్యమే.

శ్రీనివాస్_కె (సూర్యాపేట) – మంగళవారం, ఉదయం 9:48

అక్కా, రెండో ప్రశ్నకు డాక్టరు గారి కంటే ముందు నేను చెబుతాను. మీ ఆయన స్థానంలో రెండేళ్ల కిందట నేనున్నాను.

నా భార్యకు పాజిటివ్ వచ్చింది. నేను పదిహేను రోజులు తనతో మాట్లాడలేదు. తన ఫోన్ చూశాను. పెళ్లికి ముందు చదువుకున్న కాలేజీ గురించి అడగకూడని ప్రశ్నలన్నీ అడిగాను. చివరికి డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి ఒక్క మాట చెప్పింది: ఈ వైరస్ ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ప్రపంచంలో ఏ పరీక్షా చెప్పలేదు. ఏళ్ల తరబడి ఒంట్లో బయటపడకుండా ఉండి, ఎప్పుడో కనిపించవచ్చు. మగవాళ్లలో ఇది ఉందో లేదో చూడటానికి ఆమోదం పొందిన పరీక్ష కూడా లేదు. అంటే నా నుంచే తనకు వచ్చి ఉండవచ్చు. ఆ మాట వినేదాకా ఆ సంగతి నాకు తట్టనే లేదు.

ఆ పదిహేను రోజులు తను ఒక్కతే ఏడ్చింది. దాన్ని నేను వెనక్కి తీసుకోలేను. మీ ఆయనకు ఈ పోస్ట్ చూపించండి.

డా_గైనిక్ (గుంటూరు) – మంగళవారం, రాత్రి 8:20

శ్రీనివాస్ గారు చెప్పినదానికి నేను కలపాల్సింది కొంచెమే. చర్మానికి చర్మం తగిలితే చాలు, అంటుకుంటుంది. అందుకే కండోమ్ కొంత కాపాడుతుంది గానీ పూర్తిగా కాదు. జీవితమంతా ఒక్కరితోనే ఉన్న ఆడవాళ్లకూ వస్తుంది. దీన్ని నడవడికకు కొలతగా చూసే అలవాటు వల్ల జరుగుతున్న నష్టం ఇంతా అంతా కాదు. "పరీక్షకు వెళ్తే ఏమనుకుంటారో" అని ఆగిపోయిన ఒక్కొక్కరూ నాకు గుర్తున్నారు.

లలిత_సిక్కోలు (శ్రీకాకుళం) – మంగళవారం, రాత్రి 9:02

ఆగిపోయినవాళ్లలో మా అమ్మ ఒకతి.

అమ్మకు ముట్లుడిగి ఆరేళ్లయింది. అప్పుడు మళ్లీ మరకలు మొదలయ్యాయి. మాకు చెప్పలేదు. పాత చీర చింపుకుని వాడుకుని, వాటిని తానే కాల్చేసేది. తర్వాత వాసన మొదలైంది. వంటింట్లోకి రావడం మానేసింది, దేవుడి గదిలోకి వెళ్లడం మానేసింది. "వయసు వల్ల" అంటే మేమూ నమ్మాం. నడుం నుంచి కాలి దాకా నొప్పి పాకి, లేవలేని రోజున విశాఖ తీసుకెళ్లాం. మూడో దశ అన్నారు. ఒక కిడ్నీ అప్పటికే వాచిపోయింది. అయిదు వారాలకు పైగా కరెంటు పెట్టారు, వారానికోసారి కీమో, ఆ తర్వాత లోపలి నుంచి పెట్టే కరెంటు. ఏడాదిన్నర బతికింది.

ఆరేళ్ల కింద కాదు, పదేళ్ల కింద కూడా కాదు, మొదటి మరక పడిన రోజున చెప్పినా బతికేదని అక్కడి డాక్టరు అన్నారు. అమ్మ మా వైపు ఊళ్లలో చాలామంది ఆడవాళ్లలాగే అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగేది. పొగ కూడా ఈ క్యాన్సర్‌ను దగ్గరికి తెస్తుందని అక్కడే తెలిసింది. పదిహేనేళ్లకు పెళ్లి, అయిదు కాన్పులు. అవి కూడా లెక్కలోకి వస్తాయట.

సిరిమల్లె, నీకు మరకలు ఉన్నాయా? కలిసిన తర్వాత రక్తం కనిపిస్తోందా? సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పు.

సిరిమల్లె (నిజామాబాద్) – మంగళవారం, రాత్రి 10:15

లలిత గారూ, మీ పోస్ట్ చదివి ఏడ్చాను. నాకు మరకలు లేవు. తెల్లబట్ట మాత్రమే.

శుక్రవారం ఆపరేషన్ వద్దని ఫోన్ చేసి చెప్పాం. "తర్వాత మా బాధ్యత కాదు" అన్నారు. మా ఆయన శ్రీనివాస్ గారి పోస్ట్ రెండుసార్లు చదివారు. ఏమీ అనలేదు గానీ, గురువారం సెలవు పెట్టి హైదరాబాద్ తీసుకెళ్తానన్నారు.

ఇంకో సందేహం. మా పాపకు పన్నెండేళ్లు. ఈ టీకా వేయించవచ్చా? నాకు కూడా వేస్తే నా వైరస్ పోతుందా?

వెంకట్_భద్రాద్రి (కొత్తగూడెం) – బుధవారం, ఉదయం 7:30

టీకా గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను. ఎవరినీ భయపెట్టడానికి కాదు. మా జిల్లాలో జరిగింది మరిచిపోకూడదని.

2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ల అమ్మాయిలకు ఈ టీకా వేశాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు 14 వేల మందికి. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. తల్లిదండ్రులు సంతకం చేయాల్సిన కాగితాల మీద హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు చేశారు. కోయ తల్లిదండ్రులకు ఆ టీకా పేరు కూడా తెలియదు. ఆ తర్వాత కొందరు అమ్మాయిలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో ఆ సంస్థనూ, మన అధికారులనూ గట్టిగా తప్పుపట్టింది.

నేను అప్పుడు ఒక ఆశ్రమ పాఠశాలలో పనిచేస్తున్నాను. ఆ పిల్లలను వరుసలో నిలబెట్టడం నా కళ్లతో చూశాను. అందుకే నా కూతురికి వేయించలేదు.

డా_గైనిక్ (గుంటూరు) – బుధవారం, రాత్రి 9:10

వెంకట్ గారూ, మీరు రాసిన సంతకాల విషయంలో ఒక్క అక్షరం కూడా తప్పులేదు. అది అన్యాయం. పేదవాళ్లు, గిరిజనులు, అడగలేనివాళ్లు కాబట్టి అలా చేయగలిగారు. ఒక డాక్టరుగా దానికి నేను ఏ సాకూ చెప్పను.

కానీ ఆ మరణాల సంగతి విడిగా చూడాలి. అదే కార్యక్రమం గుజరాత్‌లోనూ జరిగింది. అప్పటి ఉమ్మడి ఆంధ్ర, గుజరాత్ కలిపి ఏడుగురు అమ్మాయిలు చనిపోయారు. కేంద్రం వేసిన విచారణ కమిటీ ఒక్కొక్క మరణాన్నీ చూసింది. పాముకాటు, నీళ్లలో మునిగిపోవడం, పురుగులమందు, మలేరియా లాంటి కారణాలు వాటిలో ఉన్నాయి. టీకాకూ మరణాలకూ సంబంధం ఉన్నట్టు కనబడలేదని కమిటీ చెప్పింది. ఆ పిల్లలు ఏ పరిస్థితుల్లో బతుకుతున్నారో ఆ జాబితా చూస్తేనే తెలుస్తుంది, అది ఇంకా పెద్ద బాధ.

మీకు తెలియాల్సిన ఇంకో సంగతి ఉంది. అదే సమయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం మన దేశంలో ఇంకో అధ్యయనం నడుపుతోంది. రెండు డోసులు చాలా, మూడు కావాలా అని తేల్చడానికి. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి కూడా అందులో ఒక కేంద్రం. 2010లో మీ జిల్లా గొడవ తర్వాత దేశంలో అన్ని హెచ్‌పీవీ టీకా అధ్యయనాలనూ ఆపమన్నారు. దాంతో నాలుగు వేలకు పైగా అమ్మాయిలకు ఒక్క డోసు పడి, మిగతావి పడకుండా ఆగిపోయాయి. పరిశోధకులు ఆ అమ్మాయిలను వదిలేయకుండా పదేళ్లు గమనిస్తూ వచ్చారు. 2021లో ఫలితాలు వచ్చాయి. 16, 18 రకాల వైరస్ ఒంట్లో తిష్టవేయకుండా ఒక్క డోసు 95 శాతం దాకా కాపాడింది. రెండు, మూడు డోసులు పడినవాళ్లకూ వీళ్లకూ తేడా లేదు. 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ 9 నుంచి 20 ఏళ్లవాళ్లకు ఒక్క డోసు పద్ధతిని ఒప్పుకోవడానికి ఆధారమైన పరిశోధనల్లో ఇదొకటి. డబ్బు తక్కువున్న దేశాలన్నింటికీ అది ఎంత మేలో చెప్పలేను. మన అమ్మాయిల ఒంటి నుంచి వచ్చిన జ్ఞానం అది. మన అమ్మాయిలకే ఆలస్యంగా అందుతోంది.

మీ కూతురికి ఇప్పుడు ఎన్నేళ్లో నాకు తెలియదు. ఈసారి కాగితం మీ చేతిలో ఉంటుంది. చదివి, అడగాల్సినవన్నీ అడిగి, మీరే సంతకం చేయండి.

సిరిమల్లె గారూ, మీ పాపకు తప్పకుండా వేయించవచ్చు, ఇదే సరైన వయసు. వైరస్ తగలకముందు వేస్తేనే దాని బలం. మీకు వేస్తే ఇప్పుడున్న 16 పోదు. ఉన్నదాన్ని వెళ్లగొట్టే మందు కాదది, కొత్తది రాకుండా ఆపేది. అందులో బతికున్న వైరస్ ఉండదు, వైరస్ పైపెంకును పోలిన ఖాళీ ప్రొటీన్ గుల్ల మాత్రమే ఉంటుంది, కాబట్టి టీకా వల్ల ఇన్‌ఫెక్షన్ రాదు. మన సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్‌కు 2022లో అనుమతి వచ్చింది, 2023 నుంచి అందుబాటులో ఉంది. వేయించిన తర్వాత చెయ్యి నొప్పి, కొద్దిగా జ్వరం ఉండవచ్చు. ఈ వయసు పిల్లలు సూదికి భయపడి కళ్లు తిరిగి పడిపోతుంటారు, అందుకని పావుగంట కూర్చోబెట్టాలి. ప్రభుత్వం తరఫున ఎప్పుడు, ఏ వయసువాళ్లకు వేస్తున్నారో మీ ఏఎన్‌ఎంను అడగండి.

సుధ_గ్లాస్గో (స్కాట్లాండ్) – గురువారం, తెల్లవారుజామున 3:44

ఇక్కడ 2008 నుంచి స్కూల్లోనే అమ్మాయిలకు వేస్తున్నారు. మా పెద్దమ్మాయికి స్కూల్లో వేస్తామని ఉత్తరం వచ్చినప్పుడు నేనూ వద్దనుకున్నాను. మా అమ్మ ఫోన్‌లో "ఇంత చిన్నపిల్లకు ఇప్పుడెందుకే ఆ టీకా" అంది. వేయించాం. 2024లో ఇక్కడ ఒక అధ్యయనం వచ్చింది: 12, 13 ఏళ్లకే పూర్తిగా టీకా వేయించుకున్న అమ్మాయిల్లో, వాళ్లు ఇరవైల్లోకి వచ్చినా, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఒక్కరికి కూడా రాలేదు. ఒక్కరికి కూడా. ఆ వార్త చదివిన రోజు మా అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. మా పెద్దత్త దీంతోనే పోయింది, తనకు ఆ సంగతి గుర్తుంది.

ఇప్పుడు మగపిల్లలకూ ఇస్తున్నారు. మా బాబుకు కూడా వేయించాను. గొంతు క్యాన్సర్లలో కొన్నింటికి కూడా ఈ వైరస్సే కారణం.

నిఖిల్_మైక్రో (వరంగల్) – గురువారం, మధ్యాహ్నం 1:20

నేను మైక్రోబయాలజీ పీజీ విద్యార్థిని. ఈ వైరస్‌కూ క్యాన్సర్‌కూ సంబంధం ఎలా తెలిసిందో రెండు ముక్కలు రాస్తాను, ఎందుకంటే "వైరస్‌తో క్యాన్సర్ ఎలా వస్తుంది, ఇదంతా మందుల కంపెనీల కథ" అని మా బంధువుల గ్రూపుల్లో తిరుగుతోంది.

1842లోనే ఇటలీలో రిగోని-స్టెర్న్ అనే వైద్యుడు వెరోనా పట్టణం మరణాల లెక్కలు చూసి, ఈ క్యాన్సర్ పెళ్లయినవాళ్లలో ఎక్కువగా, సన్యాసినుల్లో అరుదుగా ఉందని గమనించాడు. కారణం వందేళ్లకు పైగా తెలియలేదు. 1970లలో అందరూ హెర్పిస్ వైరస్‌ను అనుమానిస్తుంటే, జర్మనీకి చెందిన హరాల్డ్ త్సూర్ హౌజెన్ ఒక్కరే "కాదు, పాపిలోమా వైరస్" అన్నారు. ఎవరూ పెద్దగా నమ్మలేదు. 1983లో క్యాన్సర్ గడ్డల నుంచి హెచ్‌పీవీ 16ను, మరుసటి ఏడాది 18ను ఆయన బృందం బయటకు తీసింది. 2008లో నోబెల్ వచ్చింది. ప్రపంచమంతటా ల్యాబ్‌లలో పెరుగుతున్న హీలా కణాలు 1951లో ఇదే క్యాన్సర్‌తో చనిపోయిన హెన్రియెటా ల్యాక్స్ అనే అమెరికా మహిళవి. ఆ కణాల్లో ఇప్పటికీ హెచ్‌పీవీ 18 ముక్కలున్నాయి.

ఎలా చేస్తుందంటే, మన కణాలు అదుపు తప్పకుండా పీ53, ఆర్‌బీ అనే రెండు ప్రొటీన్లు కాపలా కాస్తాయి. వైరస్ తయారుచేసే ఈ6 అనే ప్రొటీన్ పీ53ని నాశనం చేయిస్తుంది, ఈ7 ఆర్‌బీని పనిచేయనివ్వదు. కాపలా పోయిన కణం విభజిస్తూనే ఉంటుంది, డీఎన్‌ఏలో తప్పులు పేరుకుంటూనే ఉంటాయి. అలా పేరుకోవడానికే అన్నేళ్లు పడుతుంది. డాక్టరు గారు చెప్పిన ఆ 15, 20 ఏళ్లు అక్కడి నుంచే వచ్చాయి.

పద్మక్క_స్టాఫ్‌నర్స్ (హైదరాబాద్) – గురువారం, రాత్రి 9:55

నిఖిల్ బాబూ, చక్కగా చెప్పావు. నాకు ఇన్నేళ్లలో ఎవరూ ఇలా చెప్పలేదు.

ఒక లెక్క నేనూ చెబుతాను. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఒక్క ఏడాదిలో 1,27,000 మందికి పైగా ఆడవాళ్లకు ఈ క్యాన్సర్ వచ్చింది, దాదాపు 80,000 మంది చనిపోయారు. మరి పరీక్ష చేయించుకున్నవాళ్లు? 2019-21 సర్వేలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరు. ఆంధ్రలో 4.7 శాతం, తెలంగాణలో 3.3. రాజేశ్వరి గారు చెప్పిన గర్భసంచి ఆపరేషన్ల లెక్క దీని పక్కన పెట్టి చూడండి. పరీక్ష చేయించుకున్నవాళ్ల కంటే తీయించుకున్నవాళ్లే ఎక్కువ.

పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. మహారాష్ట్రలో ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లా పల్లెల్లో లక్షా ముప్పై వేల మంది ఆడవాళ్లతో ఒక అధ్యయనం చేశారు. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష చేసి, తేడా ఉన్నవాళ్లకు చికిత్స చేస్తే, ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. మన పల్లెల లాంటి పల్లెలే అవి.

సిరిమల్లె (నిజామాబాద్) – పన్నెండు రోజుల తర్వాత, సాయంత్రం 6:30

అందరికీ చెప్పాలనే ఆత్రంతో రాస్తున్నాను. కాల్పోస్కోపీలో తెల్లమచ్చ కనిపించింది, ముక్క తీశారు. బయాప్సీలో సీఐఎన్ 2 వచ్చింది. క్యాన్సర్ కాదు. లీప్ అనే చికిత్స చేశారు. మత్తు ఆ చోటు వరకే ఇచ్చారు, సన్నటి తీగతో మారిన భాగాన్ని మాత్రమే తీశారు. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. సాయంత్రానికి ఇంటికి వచ్చేశాను. నాలుగు వారాలు బరువులు ఎత్తొద్దన్నారు, కలవొద్దన్నారు. తీసిన ముక్క అంచుల్లో తేడా కణాలు లేవట. ఆరు నెలలకు మళ్లీ హెచ్‌పీవీ పరీక్ష. గర్భసంచి నాకే ఉంది.

మా ఆయన గదిలో కూర్చుని, డాక్టరమ్మతో "తప్పు నాదై ఉంటుందా మేడమ్" అని అడిగారు. ఆమె "తప్పు ఎవరిదీ కాదు" అన్నారు. బస్సులో వచ్చేటప్పుడు నా చెయ్యి పట్టుకునే కూర్చున్నారు. పాపకు టీకా వచ్చే శనివారం.

వెంకట్_భద్రాద్రి (కొత్తగూడెం) – అదే రోజు, రాత్రి 7:50

సంతోషం అమ్మా. డాక్టరు గారూ, మా అమ్మాయికి ఇప్పుడు పందొమ్మిది. బీఎస్సీ రెండో సంవత్సరం. మీరు రాసినవి తనకే చదివి వినిపించాను. సంతకం తనదే కదా. "నేనే వెళ్లి మాట్లాడతాను నాన్నా" అంది.

సిరిమల్లె (నిజామాబాద్) – అదే రోజు, రాత్రి 10:55

పద్మక్కా, ఇంకా మేలుకునే ఉన్నావా? నేను మా ఆడపడుచుతో ఫోన్‌లో ఇవన్నీ చెబుతుంటే మా అత్తమ్మ పక్కగదిలో విన్నది. ఇప్పుడే నా దగ్గరికి వచ్చి కూర్చుంది. ఆమెకు 61. ముట్లుడిగి పదేళ్లు. సంక్రాంతి నుంచి అప్పుడప్పుడు మరకలు కనిపిస్తున్నాయట. ఎవరికీ చెప్పలేదట. లలిత గారి అమ్మ గురించి నేను చెబుతుంటే విని వచ్చింది. మరకలు ఆగాక తీసుకురమ్మంటారా?

పద్మక్క_స్టాఫ్‌నర్స్ (హైదరాబాద్) – అదే రోజు, రాత్రి 11:02

ఆగొద్దు. ముట్లుడిగాక రక్తం కనిపిస్తే అది ఆగేదాకా చూడకూడదు, మరకలు ఉన్నా రావచ్చు. అది క్యాన్సరే అయి ఉండాలని లేదు, వేరే కారణాలూ ఉంటాయి, కానీ చూడాల్సిందే. అత్తమ్మకు ధైర్యం చెప్పు. రేపు పొద్దున మొదటి బండికి బయల్దేరండి, రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే ఓపీ దగ్గర నేనే ఉంటాను. ఆమె ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డు, షుగర్, బీపీ మందులు ఏవి వాడుతుంటే అవి సంచిలో పెట్టుకో.

సిరిమల్లె (నిజామాబాద్) – అదే రోజు, రాత్రి 11:06

పెట్టుకున్నాం అక్కా. అయిదున్నర బస్సు.

లలిత_సిక్కోలు (శ్రీకాకుళం) – అదే రోజు, రాత్రి 11:20

చూపించాక ఏమన్నారో రాయి సిరిమల్లె. ఎంత రాత్రయినా సరే.